తుప్పా, చిలుమా? పాత స్కూటరుకు కొత్త రంగు వేయించేముందు

ఒకప్పుడు తెలుగునాట మధ్యతరగతి ఇంటికి స్కూటరు రావడమంటే గృహప్రవేశమంత సంబరం. డబ్బు కట్టి, పేరు నమోదు చేయించుకొని, ఏళ్ళ తరబడి ఎదురుచూసిన రోజులవి. విదేశీ మారకద్రవ్యంలో వెల చెల్లించినవారికి మాత్రం ఆ వరుసతో నిమిత్తం లేకుండా బండి దొరికేది. అందువల్ల 1970, 80 దశకాలలో దేశాంతరం వెళ్ళిన తెలుగువారిలో పలువురు తమ తొలి సంపాదనలో కొంత భాగాన్ని తండ్రికో, తమ్ముడికో స్కూటరు ఇప్పించడానికి వెచ్చించారు. ఆ బండ్లలో అధికభాగం ఏనాడో పాత ఇనుము కొట్టుకు చేరాయి. మిగిలిన కొన్ని ఊళ్ళోని పాత ఇళ్ళ వసారాలలో గోనెపట్టా కప్పుకొని నిలిచి ఉన్నాయి. పెద్దాయన గతించి, ఇల్లు అమ్మకానికి పెట్టే వేళకు గాని ఆ పట్టా ఎవరూ తొలగించరు.

తొలగించిన నాడు ఇంట్లో వాదన మొదలవుతుంది. డెంటింగ్, పెయింటింగ్ చేయించి షోరూములో నుంచి వచ్చినట్లు మెరిపించాలని ఒకరు అంటారు. నాన్నగారి చెప్పుల రాపిడికి అరిగిన ఆ అడుగుపలకను, వీధి చివరి పెయింటరు కుంచెతో దిద్దిన ఆ నంబరు అక్షరాలను చెరపవద్దని మరొకరు అంటారు. ఇద్దరిదీ ప్రేమే. అయితే ఈ వివాదాన్ని ప్రేమ ఒక్కటే తీర్చలేదు. కొంత లోహశాస్త్రం కూడా కావాలి.

కాలం వస్తువుపై వేసే పూతను పాశ్చాత్యులు పాటినా అంటారు. అది ఇటాలియన్ మాట. తెలుగులో దానికి సరిగ్గా సరిపోయే పదం లేకపోయినా, తెలుగు వాడుకలో మరింత ఉపయోగకరమైన విచక్షణ ఒకటి ఉంది. రాగికి, ఇత్తడికి పట్టేది చిలుము. ఇనుముకు పట్టేది తుప్పు. రాగిపై ఏర్పడే ఆకుపచ్చని పొర దట్టంగా అతుక్కొని, లోపలి లోహాన్ని గాలికి, తేమకు అందకుండా కాపాడుతుంది. ఇనుముపై ఏర్పడే తుప్పు అటువంటిది కాదు. అది తాను పుట్టిన ఇనుముకంటే రెండింతలకు మించిన చోటును ఆక్రమిస్తుంది, గుల్లబారుతుంది, పెచ్చులుగా రాలిపోతుంది, తేమను పీల్చుకొని లోపలి పొరను కూడా తినివేస్తుంది. ఢిల్లీ మెహ్రౌలీలోని ఇనుప స్తంభం 1600 ఏళ్ళుగా నిలిచి ఉందికదా అని అడిగేవారు ఉంటారు. ఆ ఇనుములో భాస్వరం హెచ్చుగా ఉండడం వల్ల దానిపై రక్షణపొర ఏర్పడింది. స్కూటరు కర్మాగారంలో అచ్చుకొట్టిన పలుచని ఉక్కురేకుకు ఆ భాగ్యం లేదు.

కాబట్టి పాతదనమంతా ఒకే జాతి కాదు. వెలిసిన రంగు వేరు, తరిగిపోతున్న రేకు వేరు. మొదటిది జ్ఞాపకం, రెండవది రోగం. రెండింటినీ కలిపి పాటినా అని పిలిచి పూజించడం ఇటీవలి ఫ్యాషను. అది ప్రమాదకరమైన ఫ్యాషను కూడా.

ఎందుకు ప్రమాదకరమో తెలియాలంటే బండి నిర్మాణం చూడాలి. 1946లో ఇటలీలోని పియాజ్జియో సంస్థకు వెస్పాను రూపొందించిన కొరాడినో దాస్కానియో వైమానిక ఇంజనీరు. విమానం మాదిరిగానే ఆయన ఈ బండికి వేరుగా చట్రం పెట్టలేదు. మడిచి అతికిన రేకు శరీరమే చట్రం. పియాజ్జియోతో ఒప్పందం ముగిశాక బజాజ్ సంస్థ 1972లో తెచ్చిన చేతక్‌ది కూడా అదే తీరు. దీనికి భిన్నంగా మిలాన్ నగరంలో పుట్టిన లాంబ్రెట్టాలో బరువంతా గొట్టపు చట్రం మోస్తుంది, పైరేకులు కేవలం తొడుగులు. లక్నోలోని స్కూటర్స్ ఇండియా తయారు చేసిన విజయ్ సూపర్, ఆ వంశానికే చెందిన ఆల్విన్ పుష్పక్ ఈ కోవలోనివి.

ఈ భేదం చిన్నది కాదు. పుష్పక్ పక్కరేకుకు చిల్లిపడితే అందం తగ్గుతుంది. చేతక్ అడుగుపలక కింద, బ్రేకు పెడలు ఉండే చోట చిల్లిపడితే బండి నడుము విరుగుతుంది. రబ్బరు మ్యాటు కింద ఏళ్ళ తరబడి నిలిచిన వాననీరు సరిగ్గా అక్కడే పని చేస్తుంది. అటువంటి చోట పాతదనాన్ని కాపాడుదామనడం అవివేకం. కుళ్ళిన రేకు కోసి, కొత్త రేకు అతికి, వెల్డింగు చేయవలసిందే. అతుకు కనిపిస్తే కనిపించనివ్వాలి. కొత్తగా చేర్చినది పాతదానితో పొసగాలి గాని పాతదానిగా నటించరాదన్నది 1964 నాటి వెనిస్ ప్రకటన నుండి కట్టడాల సంరక్షకులు పాటిస్తున్న నియమం. ఆలయ గోపురానికి వర్తించే నీతి స్కూటరు అడుగుకు వర్తించకూడదనడానికి కారణం కనిపించదు.

రంగు సంగతి వేరు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగును పట్టి ఉంచే జిగురు పదార్థాన్ని ఛేదిస్తాయి. పట్టు తప్పిన వర్ణరేణువులు సుద్దపొడిలా పైకి తేలుతాయి. వేలితో రాస్తే అంటుకునేది అదే. చాలామంది దీన్ని చూసి రంగు చచ్చిపోయిందనుకుంటారు. నిజానికి ఆ సుద్దపొర కింద అసలు రంగు చాలావరకు బతికే ఉంటుంది. మెత్తని గుడ్డ, కొంచెం సబ్బునీరు, ఆపైన మైనపు పాలిషు చాలు. గట్టిగా రుద్దకూడదు, ఒకసారి అరిగిన రంగు తిరిగి రాదు.

రంగు లేచి ఇనుము బయటపడిన చోట్ల టానిక్ ఆమ్లంతో కూడిన ద్రావణం పూస్తే తుప్పు నల్లని, స్థిరమైన టానేటుగా మారుతుంది. ఇది ఏదో విదేశీ ప్రయోగశాల అద్భుతం కాదు. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు కరక్కాయ రసంలో నానిన బట్టపై, తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో పులియబెట్టి తీసిన ద్రావణంతో గీస్తారు. గీసిన గీత నల్లగా మారడానికి కారణం ఇదే రసాయనిక చర్య. సీసాలో అమ్మే తుప్పు మందుకు, కలంకారీ నలుపుకు ఇంత దగ్గరి చుట్టరికం ఉందని ఇక్కడి పిల్లలకు చెబితే రెండింటి మీదా ఆసక్తి పెరుగుతుంది.

అయితే కాపాడదలచిన రంగు అసలుదేనా? మన బండ్లలో చాలా వాటికి చేతులు మారినప్పుడు, పెళ్ళిళ్ళకు, పండుగలకు రెండు మూడు సార్లు రంగులు పడ్డాయి. పెట్రోలు ట్యాంకు విప్పి, దాని అడుగున చూస్తే కర్మాగారంలో వేసిన రంగు దొరుకుతుంది. అక్కడిదాకా ఎవరి బ్రష్షూ వెళ్ళదు. పైరంగును ఒక మూల వాటర్ పేపరుతో కొద్దిగా అరగదీస్తే చెట్టుమాను వలయాల్లా పొరలు బయటపడతాయి. పైపొర 1998లో అమ్మకానికి ముందు ఎవరో హడావుడిగా కొట్టిన రంగే అయితే, దానిని వారసత్వమని గుండెకు హత్తుకోనక్కరలేదు. ఇంటి పెద్ద స్వయంగా వేయించినదైతే మాత్రం, అసలుది కాకపోయినా ఉంచడమే ఉచితం. ఇది శాస్త్రం చెప్పలేని విషయం. ఇంట్లో ఆ బండి ఎక్కినవారు చెప్పాలి.

యంత్రభాగంలో ఈ మీమాంసకు తావే లేదు. బ్రేకు కేబుళ్ళు, టైర్లు, ట్యూబులు, వైరింగు, ఇంజనులోని ఆయిలు సీళ్ళు మార్చి తీరాలి. ముప్ఫై ఏళ్ళ టైరు పైకి గట్టిగా కనిపించినా రబ్బరు పెళుసుబారి ఉంటుంది. 2025 నాటికి భారతదేశపు పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలుస్తోంది, అమెరికాలో సాధారణంగా 10 శాతం. పాత రబ్బరు గొట్టాలు, కార్బురేటరు వాషర్లు దానికి తట్టుకోవు. నాగసేనుడు మిళింద మహారాజును ఇరుసా రథం, చక్రాలా రథం అని నిలదీసినట్లు, ఇన్ని మార్చాక ఇది నాన్నగారి బండేనా అని అడిగేవారికి సమాధానం సులభం. ఆయన కూడా టైర్లు మార్చారు, బోరింగు చేయించారు. బండిని నడిచే స్థితిలో ఉంచడమే ఆయన అలవాటు.

ఆరోగ్య విషయం ఒకటి ముఖ్యం, దీనిని షెడ్లలో ఎవరూ పట్టించుకోరు. పాత బ్రేకు షూలలో ఆస్‌బెస్టాస్, పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. డ్రమ్ము విప్పి గాలిపైపుతో ఊదడం, పొడి ఉప్పుకాగితంతో రంగు గీకడం రెండూ మెకానిక్ ఊపిరితిత్తులకు, ఆ పక్కనే ఆడుకునే పిల్లలకు చేటు. తడిపి చేయమని చెప్పడానికి డాలర్లు పంపే వ్యక్తికి హక్కు మాత్రమే కాదు, బాధ్యత కూడా ఉంది.

తళతళలాడే కొత్త రంగు మీద అనుమానం ఎందుకంటే, అది కప్పిపుచ్చగలదు. భారతదేశం, వియత్నాంల నుండి పాశ్చాత్య దేశాలకు ఎగుమతి అయిన పాత స్కూటర్లలో కొన్నింటికి అద్దంలాంటి మెరుపు కింద దొరికింది రేకు కాదు, లప్పం. రెండు బండ్ల ముక్కలు కలిపి అతికినవీ ఉన్నాయి. చిన్న అయస్కాంతం ఒకటి జేబులో ఉంటే చాలు. మందంగా లప్పం పెట్టిన చోట అది అంటుకోదు. వెలిసిన బండి అబద్ధమాడలేదు. అందుకే దాని వైపే మొగ్గు చూపవలసి వస్తుంది.

ప్రభుత్వ నిబంధనలు కూడా ఈ వైపే ఉన్నాయి. భారత రవాణా మంత్రిత్వశాఖ 2021లో వెలువరించిన నియమాల ప్రకారం 50 ఏళ్ళు దాటిన వాహనాన్ని వింటేజ్ వాహనంగా, వీఏ అక్షరాలతో కూడిన ప్రత్యేక సంఖ్యతో నమోదు చేసుకోవచ్చు. చట్రంలో, శరీరంలో, ఇంజనులో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలన్నది షరతు. అంటే 1972 నాటి తొలి చేతక్‌లు ఇప్పటికే ఆ వయసు దాటాయి. 1980 నాటివి 2030లో దాటుతాయి. ఈలోగా డిస్కు బ్రేకులు, అల్లాయ్ చక్రాలు బిగించి ముచ్చట తీర్చుకున్నవారికి ఆ అవకాశం చేజారవచ్చు.

సెలవులకు ఊరు వెళ్ళేవారు మెకానిక్‌ను పిలవకముందే బండిని నలువైపులా ఫోటోలు తీయడం మంచిది. విప్పిన ప్రతి భాగాన్ని, పనికిరానిదైనా సరే, చీటీ కట్టి డబ్బాలో దాచమని చెప్పాలి. డిక్కీలో ఉన్న పాత రసీదులు, ప్లగ్గు స్పానరు, నూనె మరకల గుడ్డపేలిక కూడా అందులోకే. రంగు డబ్బా కొనడం ఆ తరువాతి సంగతి. ముందు పెట్రోలు ట్యాంకు విప్పి అడుగు చూడాలి, మ్యాటు లేపి స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి.