గంట ప్రయాణానికి అయిదు గంటలా?

గన్నవరం నుండి శంషాబాదుకు ఆకాశమార్గాన దూరం సుమారు 265 కిలోమీటర్లు. విమానం అటూ ఇటూగా గంటలో చేరుతున్నది. కాని తుళ్లూరు వాసులకు ఆ గంట టిక్కెట్టు మీది లెక్కగానే మిగులుతున్నది.

హైదరాబాదు పడమటి దిక్కున ఉండగా, ఇక్కడి ప్రయాణీకుడు ముందు తూర్పుకు పోవాలి. కృష్ణ దాటి, బెజవాడ రద్దీలో పడి గన్నవరం చేరేసరికి గంటకు పైగా పడుతుంది. తనిఖీల నిమిత్తం గంటన్నర ముందే అక్కడ ఉండాలి. 2008లో విమానాలు బేగంపేట నుండి శంషాబాదుకు మారాయి గనుక, దిగిన తరువాత నగరంలోకి మరో గంట. వెరసి అయిదు గంటలు! కారులో తిన్నగా పోయినా దాదాపు అంతే.

రాజధాని నిమిత్తం 2015లో రైతులు 33 వేల ఎకరాలకు పైగా భూములిచ్చిన ప్రాంతమిది. వైద్యానికి పోయే వృద్ధులకు, కొలువులకు పోయే బిడ్డలకు ఈ తిప్పలు తప్పాలి. ఆకాశంలోని గంటను తగ్గించడం మన చేతిలో లేదు. నేలమీది గంటలను తగ్గించవచ్చు. తుళ్లూరు నుండి గన్నవరానికి విమానాల వేళలకు తగినట్లు నేరుగా బస్సులు నడవాలి. ఆర్టీసీ అధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించడం అవసరం.