తుదిఘడియల హక్కు

తిరువూరులో సెంటు భూమి గల గృహస్థుడును వీలునామాకై దస్తావేజు లేఖరిని వెదకును. స్మృతి తప్పిన పిమ్మట తన దేహమునకు ఏ చికిత్స చేయవలెనో, ఏది వలదో వ్రాసియుంచినవారెందరు? ఆ మాట యెత్తినంతనే అపశకునమని ఇంటివారు చెవులు మూసికొందురు.

దాని ఫలము మన మెరిగినదే. ఒక రాత్రి పెద్దాయన పడిపోవును, బెజవాడకు కొనిపోవుదురు, వెంటిలేటరు తగిలింతురు. వెలుపల కొడుకులు ఒకరి మొగమొకరు చూచుకొందురు. తీయుడన్నవాడు తండ్రిని చంపినాడను నింద మోయును. ఉంచుడన్నవాడు పొలము తాకట్టు పెట్టును.

2004 డిసెంబరున హైదరాబాదులో కండరములు క్షీణించు వ్యాధితో మంచము పట్టిన చదరంగపు ఆటగాడొకడు, తన అవయవములు చెడకముందే దానమిచ్చుటకు యంత్రము తొలగింపుడని తల్లిద్వారా ఉన్నత న్యాయస్థానమును వేడెను. అనుమతి రాలేదు, ఆ నెలలోనే కన్నుమూసెను. అట్టి కోరికకు నేటి చట్టమును చాలదు. కాని చికిత్స వలదను హక్కు మాత్రము నేడు మనకు గలదు.

గౌరవముతో మరణించుట జీవించు హక్కులోనిదేయని సర్వోన్నత న్యాయస్థానము 2018 మార్చి 9న తీర్పు చెప్పెను. అయితే ఆ పత్రముపై మేజిస్ట్రేటు సంతకము కావలెననుటచే, ఇచ్చిన హక్కు కాగితముననే నిలిచిపోయెను. 2023 జనవరి 24న ఆ ముడి విప్పిరి. ఇద్దరు సాక్షుల యెదుట సంతకము చేసి, నోటరీచేగాని గెజిటెడు అధికారిచేగాని ధ్రువపరచిన చాలును. ఇష్టము మారినయెడల రద్దు చేసికొనవచ్చును.

ఆస్తికై కొడుకులు తొందరపడరా యని కొందరందురు. పత్రము లేనినాడు సమ్మతి చెప్పవలసినవారు ఆ కొడుకులే కదా! పత్రమున్నను రోగి మాటాడలేని స్థితిలో, కోలుకొను ఆశ లేనప్పుడే అది పనిచేయును. అదియును రెండు వైద్యమండలులు ఒప్పిన పిమ్మటనే. బాధ తగ్గించు మందులు ఆగవు. విషపు సూది నేటికిని నేరమే.

పత్రపు ప్రతిని స్థానికసంస్థ నియమించిన అధికారి భద్రపరుపవలెనని తీర్పులోనే యున్నది. మన పురపాలక కార్యాలయమున ఆ అధికారి యెవరు? ఆయన పేరును, కూర్చుండు వేళను గోడపై వ్రాయింపవలెనని మేము అడుగుచున్నాము. “చూతములే” యను జవాబు మాకు చాలదు. రైతుకు చదువవచ్చు తెలుగున నమూనాపత్రము ముద్రించి, గ్రంథాలయపు బల్లపై దినపత్రికల ప్రక్కనే యుంచవలెను. దానికి ఏ న్యాయస్థానపు ఉత్తరువును వేచియుండ నక్కరలేదు.