ప్రాణరక్షణకు ప్రత్యేక తరంగములు కావలయును

చేతిలో సెల్‌ఫోను లేనివాడు కానరాని యీ కాలమున పోలీసులకును, అగ్నిమాపక దళములకును వేరుగా రేడియో తరంగము లెందుకని కొందరు పెద్దలు వాదించుచున్నారు. గంజాం తీరవాసులమైన మేము ఈ వాదము నంగీకరింపజాలము.

1999 అక్టోబరు 29న పారాదీప్ ప్రాంతమున పెనుతుపాను తీరము దాటినపుడు టెలిఫోనులు మూగవోయినవి. అపుడు వార్తలు చేరవేయుటకు హామ్ రేడియో ఔత్సాహికులు పూనుకొనవలసివచ్చినది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మన గోపాలపురము చెంతనే తీరము దాటినది. విద్యుత్తు పోయిన పిమ్మట సెల్ టవరు బ్యాటరీ యెంతసేపు నిలుచును? నిలిచినను, అందరు నొక్కమారుగా మాటలాడబూనినచో ఆపన్నుని పిలుపు ఆ రద్దీలో చిక్కుకొనును. వేరు తరంగమున్నచో మీట నొక్కినంతనే దళమంతయు వినును. టవరు కూలినను దగ్గరనున్న వైర్‌లెస్ సెట్లు తమలో తాము మాటలాడుకొనగలవు.

వాయుతరంగములు ప్రజల సొత్తని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. రక్షణ, విపత్తు సహాయ దళములకు ప్రత్యేక తరంగములు కేటాయింపవలెనని 2018లో ట్రాయ్ సిఫారసు చేసినది. ఆ సొత్తును వేలము వేయుటలో చూపు శ్రద్ధలో కొంతయైనను ప్రజల ప్రాణములపై చూపరాదా?

మరియొక మాట. మన తీరపు జాలరి సోదరులలో అనేకుల మాతృభాష తెలుగు. తరంగమున్నను అందు వచ్చు మాట బోధపడనిచో ఫలమేమి? కావున తీరమునందలి ప్రతి వైర్‌లెస్ కేంద్రమునను తెలుగెరిగిన వారొకరుండవలెను. ఈ రెండు కోర్కెలతో ప్రతి పంచాయతీయు తీర్మానము చేసి, కలెక్టరు ద్వారా ప్రభుత్వములకు పంపవలెను. తుపాను వచ్చిన పిదప వినతిపత్రములు వ్రాయుటకు వ్యవధి యుండదు.