వేలిముద్ర మనది, కేసు ఎవరిది?



2019 మే 22న ఢిల్లీలో అటవీ సలహా కమిటీ కూసోని, మన అమ్రాబాద్ పులుల అడవిలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం సర్వేకు సూత్రప్రాయంగా సరే అన్నది. నాలుగు వేల బోర్లు వేస్తరని బయటికి వచ్చింది. అమ్రాబాద్, పదర, అచ్చంపేట కదిలినయి. సెప్టెంబర్ 16న తెలంగాణ అసెంబ్లీ నల్లమలలో యురేనియం వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. గెలిచినం అనుకున్నం. ఆ గెలుపు చిన్నది కాదు.

కానీ ఒక మాట గుర్తు పెట్టుకోవాలె. అణు ఖనిజాలు కేంద్రం చేతిలో ఉంటయి. అసెంబ్లీ తీర్మానం చట్టం కాదు. రేపు మళ్ళీ ఫైలు కదిలితే, బోరు దిగితే, ఊటనీళ్ళు పాడైతే, మన తరఫున కోర్టుకు ఎవరు పోతరు? ఎవరి పేరు మీద పోతరు? రాజీకి సరే అనే హక్కు ఎవరికి ఉంటది?

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. వేల మందికి ఒక్కసారే నష్టం జరిగిన కేసుల్లో వకీలు లేకుంటే మనకు దారి లేదు. కానీ బాధితులు లేకుండా నడిచే కేసు మన నుంచి రెండోసారి దోచుకునుడే. మొదట నీళ్ళు పోతయి, తర్వాత నోరు పోతది.

మనకంటే ముందు ఈ దారిల నడిచినోళ్ళను చూడుండ్రి. అమెరికాలో నవాహో ఆదివాసుల నేలలో 1944 నుంచి 1986 దాకా దాదాపు మూడు కోట్ల టన్నుల యురేనియం ముడి ఖనిజం తవ్విండ్రు. గని లోపల పనిచేసినోళ్ళు నవాహోలే. 1950 నుంచి ప్రభుత్వ ఆరోగ్య శాఖ వాళ్ళ ఒంట్లో ఏమైతున్నదో పరీక్షలు చేసుకుంట పోయింది గానీ, 'ఈ గాలి పీలిస్తే మీకు ప్రమాదం' అని వాళ్ళకు చెప్పలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మొగోళ్ళు పోయినంక భార్యలు మిగిలిండ్రు. స్టీవర్ట్ ఉడాల్ అనే ఆయన, ఒకప్పుడు కేంద్రంలో మంత్రిగా చేసినాయన, వాళ్ళ వకీలై 1979లో కేసు వేసిండు. ఓడిపోయిండు. ప్రభుత్వం విధానంగా తీసుకున్న నిర్ణయం మీద దావా చెల్లదని కోర్టులు చెప్పినయి. అయినా ఆయనా ఆ కుటుంబాలూ వదలలేదు. 1990లో పరిహార చట్టం వచ్చింది. గని కార్మికునికి లక్ష డాలర్లు.

ఇక్కడ ఆగి చూడాలె. డబ్బులు ఇయ్యాలంటే పెండ్లి సర్టిఫికెట్ తెమ్మన్నరు. నవాహో పద్ధతిలో పెండ్లి చేసుకున్న ఆడోళ్ళ దగ్గర కాయితం ఎక్కడిది? మొగుడు గనిలో చచ్చిపోయిండని లోకానికి తెలుసు, ఆమె ఆయన భార్య అని మాత్రం దఫ్తరుకు తెలియలేదు. మన పెంటల్లో ఎంతమంది పెండ్లికి కాయితం ఉంది? ఎంతమంది చావుకు కారణం రాసి ఉంది? మీరే లెక్క పెట్టండి.

ఇంక మన దేశం. 1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి దాటినంక భోపాల్‌లో గ్యాస్ లీకైంది. రోజుల్లోనే అమెరికా వకీళ్ళు విమానాలు దిగి, బస్తీల్లో తిరిగి, వేలిముద్రలు తీసుకున్నరు. దాన్ని ఆపుతమని 1985లో కేంద్రం చట్టం చేసి బాధితులందరి తరఫున కొట్లాడే హక్కు తనకే రాసుకున్నది. 1986లో న్యూయార్క్ జడ్జి 'మీ కేసు మీ దేశంలనే చూసుకోండి' అన్నడు. అడిగింది 330 కోట్ల డాలర్లు. 1989 ఫిబ్రవరిలో రాజీ పడింది 47 కోట్ల డాలర్లకు. ఆ రాజీకి ముందు బాధితులను అడగలేదు. ఇంకా ఎక్కువ ఇప్పించాలని వేసిన చివరి పిటిషన్‌ను 2023 మార్చి 14న సుప్రీంకోర్టు కొట్టేసింది. విమానంలో వచ్చిన వకీలు బాధితున్ని గిరాకీ లెక్క చూసిండు. సర్కారు మైనర్ పిల్లగాని లెక్క చూసింది. మనిషి లెక్క చూసినోడు ఎవడు?

భోపాల్ దూరం అంటరా? భద్రాచలం దూరం కాదు కదా. 2009 జులైలో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా కార్యక్రమం పెట్టినయి. పది నుంచి పద్నాలుగేండ్ల పిల్లలు, అందులో ఆశ్రమ పాఠశాలల ఆదివాసీ బిడ్డలు ఎందరో. కొందరు పిల్లలు చనిపోయిండ్రు. 2010 ఏప్రిల్‌లో ఆపేసిండ్రు. చావులకు టీకా కారణం అని విచారణ కమిటీ అనలేదు, నేనూ అనను. టీకాకు నేను వ్యతిరేకం కాదు. కానీ అదే విచారణలో బయటపడ్డ లెక్క వినండి: చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. బిడ్డ మనది, సంతకం వార్డెన్‌ది! 2013 ఆగస్టులో పార్లమెంటు కమిటీ దీన్ని గట్టిగా తప్పుపట్టింది. కల్పనా మెహతా, ఇంకొందరు కలిసి 2012లనే సుప్రీంకోర్టుకు పోయిండ్రు. వాళ్ళకు దండం పెట్టాలె, వాళ్ళు లేకుంటే ఆ మాట ఢిల్లీ దాకా పోకపోవు. కానీ 2018 మే 9న ఆ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు దేని మీద? పార్లమెంటు కమిటీ నివేదికను కోర్టులో వాడుకోవచ్చునా లేదా అన్న దాని మీద. వాడుకోవచ్చన్నరు, మంచిదే. ఆ తీర్పులో ఆ పిల్లల పరిహారం సంగతి తేలలేదు. తొమ్మిదేండ్ల కింద సూది గుచ్చుకున్న పిల్ల అప్పటికే తల్లై ఉంటది.

'వకీళ్ళను ఎందుకు తిడుతున్నవ్, వాళ్ళు మనోళ్ళే కదా' అని కొందరు అంటరు. తిడుతలేను. 1997 జులై 11 నాటి సమత తీర్పు వకీళ్ళు, నిమ్మలపాడు వంటి ఊర్ల జనం కలిసి తెచ్చిందే. షెడ్యూల్డ్ ఏరియాలో సర్కారు నేలను ప్రైవేటు కంపెనీకి గనుల లీజుకు ఇయ్యొద్దని తేల్చిన తీర్పు అది. అక్కడ జనం ముందున్నరు, వకీలు పక్కన నడిచిండు. నష్టం జరిగినంక పరిహారం అడుగుడు కంటే నష్టం జరగకముందే ఆపుడు గొప్ప. యురేనియం తవ్వే కంపెనీ సర్కారుదే గనుక ఆ తీర్పు ఒక్కటే మనకు సరిపోదు.

చట్టంలో ఉన్న తాళాలు కూడా చూడండి. గ్రీన్ ట్రిబ్యునల్‌లో పరిహారం అడగాలంటే నష్టం మొదలైన ఐదేండ్ల లోపల పోవాలె. రేడాన్ గాలితో వచ్చే క్యాన్సర్ బయటపడేదానికి పది, ఇరవై ఏండ్లు పడతది. రోగం వచ్చేసరికి గడువు పోతది! సివిల్ కోర్టుకు పోతే అడిగిన పరిహారాన్ని బట్టి కోర్టు ఫీజు. గెలిస్తే వాటా ఇస్తమని వకీలును పెట్టుకునే పద్ధతి మన దేశంలో నిషేధం. దాంట్ల దురాశ ఉన్నది నిజమే, కానీ పైసల్లేనోనికి తలుపు మూసుకున్నదీ నిజమే.

అందుకే అడుగుతున్న, ఇప్పుడే, బోరు దిగకముందే:

ఒకటి. మన ఊటలు, బావులు, బోర్ల నీళ్ళు పరీక్ష చేయించి కాయితం పంచాయతీలో పెట్టాలె. 'మీ నీళ్ళు ముందటి నుంచే ఇట్లున్నయి' అని రేపు అంటే చూపెట్టేదానికి ఇదొక్కటే ఆధారం.

రెండు. ప్రతి పుట్టుక, పెండ్లి, చావు నమోదు కావాలె. నవాహో విధవల గోస మనకు రావద్దు.

మూడు. వకాల్తా గ్రామసభ ముందర, తెలుగులో చదివి వినిపించినంకనే ఇయ్యాలె. రాజీ అంటే మళ్ళీ గ్రామసభకు రావాలె. కేసు కాయితాల నకలు ఊర్లో ఉండాలె.

నాలుగు. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు హక్కు. అది దయ కాదు. అడగండి.

ఐదు. డిగ్రీ అయిపోయి ఖాళీగున్న తమ్ముడూ, చెల్లీ, లా చదువుండ్రి. చెంచు బిడ్డ నల్లకోటు వేసుకొని నిలబడ్డనాడు జడ్జికి మన ఊట పేరు ఎవరూ తర్జుమా చేసి చెప్పాల్సిన పని ఉండదు.

సోపతి వకీళ్ళకు ఒక్క మాట. మీరు రండి, మీరు కావాలె. కానీ మా పెంటకు వచ్చినప్పుడు సంతకాల కట్టతోని రాకండి. ముందు కూసోండి, మేము చెప్పేది వినండి, తర్వాత రాసుకోండి.

జై ఆదివాసీ. నల్లమల మాది.