బొమ్మ విమానానికి తుదిమెరుగు

యుద్ధ విమానాల నమూనాలు తయారుచెయ్యడం చిన్నపిల్లల వ్యవహారమని మన కాలేజీల్లో చాలామంది అభిప్రాయం. పెట్టె కొనడం, ముక్కలు అతికించడం, రంగు పుయ్యడం, అల్మైరాలో పెట్టుకోవడం, ఇంతే గదా అంటారు. ఇంతే అయితే నాకూ పేచీ లేదు. కాని అతికించడం అయిపోయిన తర్వాతనే అసలు పని మొదలవుతుందనీ, ఆ తుదిమెరుగు పని చరిత్ర చదవడానికి ఏమాత్రం తీసిపోదనీ నా వాదన.

మాది తడ. నెల్లూరు జిల్లా కొసన ఉండి, 2022లో తిరుపతి జిల్లాలో కలిసిన ఊరు. పక్కనే పులికాట్ సరస్సు, దాని ఆవల శ్రీహరికోట. మా వైపు బళ్ళలో సైన్సు ఎగ్జిబిషన్ అంటే రాకెట్ నమూనా ఉండి తీరాలి. అట్టగొట్టం, థర్మోకోల్, వెండిరంగు కాగితం, మీద ఒక జెండా. దూరంనుంచి చూస్తే ముచ్చటగానే ఉంటుంది. "ఇది ఏ రాకెట్టు నాయనా?" అని అడిగితే మాత్రం జవాబుండదు. 1979 ఆగస్టు 10న సముద్రం పాలైన ఎస్.ఎల్.వి.-3 యా? 1980 జూలై 18న రోహిణిని కక్ష్యలో పెట్టిన ఎస్.ఎల్.వి.-3 యా? రకం ఒకటే కావచ్చు, కథ ఒకటి కాదు. యుద్ధ విమానం నమూనా చేసేవారికీ నాది ఇదే ప్రశ్న. ఇది ఏ విమానం? ఎవరు నడిపినది? ఏ నాటిది?

"నాట్" సంగతి తీసుకోండి. పిట్ట కొంచెం, కూత ఘనం అన్న సామెత దీనికోసమే పుట్టిందా అనిపిస్తుంది. ఒంటి సీటు నాట్ పొడవు 8.74 మీటర్లు, రెక్కల కొస నుంచి కొసకు 6.73 మీటర్లు. 72లో ఒకటో వంతు నమూనా చేస్తే పొడవు 12 సెంటీమీటర్లు, అంటే కొత్త పెన్సిలు కన్నా పొట్టి. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ విమానాశ్రయం మీద ఆరు సేబర్ విమానాలు దాడి చేసినప్పుడు ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ వాటికి ఎదురెక్కినది ఈ నాట్‌లోనే. ఆయన తిరిగి రాలేదు. మన వైమానిక దళం మొత్తానికి పరమవీరచక్ర పొందినవాడు ఆయనొక్కడే.

మరి ఎన్నో ఏళ్ళుగా పేరున్న ఎయిర్‌ఫిక్స్ వారి చిన్న నాట్ కిట్టు ఏమిటి? రెండు సీట్ల శిక్షణ విమానం. బ్రిటిష్ వారి రెడ్ యారోస్ విన్యాస బృందం 1965 నుంచి 1979 దాకా నడిపినది ఆ రకం. దాని ముందుభాగం వేరు, అద్దాల గూడు వేరు, రెక్క కూడా వేరే. ఎర్రరంగు బదులు మన రంగులు వేసి, కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయాలు అంటించినంత మాత్రాన అది సెఖోన్ విమానం అయిపోదు. "ఎవరికి తెలుస్తుందిలే!" అంటారు. చూసేవారికి తెలియకపోవచ్చు. చేసినవాడికి తెలుసు గదా!

పని విషయానికి వస్తే, ఇదేమీ మన చేతులకు కొత్త విద్య కాదు. కొండపల్లి బొమ్మలు చేసేవారు తెల్లపొణికి కర్ర ముక్కల్ని చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, సందులు పూడ్చి, తెల్లపూత వేసి, ఆ పైననే రంగు ముట్టుకుంటారు. ప్లాస్టిక్ విమానానికీ క్రమం ఇదే. అతుకుల దగ్గర పుట్టీ, ఆరిన తర్వాత ఎమరీ పేపరు, తర్వాత ప్రైమరు. ఆ బూడిదరంగు పడితే గాని అతుకులోని లోపం కంటికి ఆనదు. రంగు పలచగా రెండు మూడు పూతలు వెయ్యాలి. గుర్తులు అంటించే ముందు నున్నటి వార్నిష్ పూత ఒకటి తప్పదు. గరుకు మీద అంటిస్తే అడుగున గాలి చిక్కుకుని వెండిపొరలా మెరుస్తుంది. చివరికి ఆ మెరుపును చంపే మ్యాట్ పూత. మా పులికాట్ గాలిలో ఇంకో చిక్కుంది. కార్తీకమాసపు వానల్లో స్ప్రే కొడితే తేమకు రంగు తెల్లబారిపోతుంది. ఎండ కాసేదాకా ఆగాల్సిందే.

చిన్న చిన్న వివరాలకు పెద్ద ఖర్చేమీ లేదు. కిట్టులో మిగిలిన ప్లాస్టిక్ చట్రాన్ని కొవ్వొత్తి సెగన మెత్తబరచి లాగితే వెంట్రుకలాంటి తీగ వస్తుంది, ఏంటెన్నాకు అదే చాలు. నాట్‌లో గాలి లోపలికి పోయే ద్వారాల పక్కన రెండు 30 మిల్లీమీటర్ల ఫిరంగులు ఉంటాయి. మన నమూనాలో ఆ కన్నం 0.4 మిల్లీమీటరు. సన్నటి ఇంజెక్షన్ సూది ముక్క అక్కడ చక్కగా అమరుతుంది.

అయితే నా అసలు పేచీ ఇక్కడే. ఈ మధ్య నమూనాల్లో వివరం పెరిగి నిజం తరుగుతోంది. విమానం పైరేకుల మధ్య గీతల్ని లోతుగా చెక్కి, నల్లరంగు నింపి, అదే పనితనం అంటున్నారు. లెక్క వేసి చూడండి. నమూనా మీద 0.2 మిల్లీమీటరు గీత అసలు విమానం మీద 14 మిల్లీమీటర్ల సందు, అంటే చిటికెనవేలు దూరేంత! అటువంటి విమానాన్ని ఏ పైలట్ ఎక్కుతాడు? ఇక రంగు రాలిన మచ్చలు, నూనె మరకలు, మసి ప్రతి విమానానికీ ఒకేలా పులిమేస్తున్నారు. మసి ఎక్కడుండాలో ఫోటో చెప్పాలి గాని మన సరదా చెప్పకూడదు. 1971 నాటి మన మిగ్-21ల ఫోటోలు చూస్తే ఒక్కో స్క్వాడ్రన్ విమానాలు ఒక్కో తీరు రంగుల్లో కనిపిస్తాయి. ఒకదాన్ని చూసి ఇంకొకటి చెయ్యడానికి వీల్లేదు.

రంగు విషయంలోనూ అంతే. డబ్బాలోని రంగు అసలు విమానం రంగే కావచ్చు, చిన్న నమూనా మీద అది చిక్కగా కనిపిస్తుంది. తడనుంచి పడమటికి చూస్తే ఉబ్బలమడుగు కొండలు పచ్చగా కనిపించవు, నీలి బూడిదరంగులో ఉంటాయి. దూరం రంగును పలచన చేస్తుంది. చిన్న నమూనాను చూడడమంటే పెద్ద విమానాన్ని దూరంనుంచి చూడడమే. అందుకని రంగులో పిసరంత తెలుపు కలపాలి. ఇదీ కళ్ళతో చేసే పరిశీలనే.

ఈ కచ్చితత్వం ఎందుకంటారా? 1942లో అమెరికా నౌకాదళం విమానాల్ని గుర్తుపట్టే శిక్షణ కోసం అయిదు లక్షల కొయ్య నమూనాలు కావాలని బడిపిల్లల్ని కోరింది. కొలత 72లో ఒకటో వంతే. రెక్క ఆకారం పొరబడితే స్వపక్షపు విమానాన్నే కూల్చే ప్రమాదం ఉండేది. ఈనాడు ఆ ప్రమాదం లేదు. పొరబాటు జ్ఞాపకం మిగిలిపోయే ప్రమాదం మాత్రం ఉంది.

ఇదంతా యుద్ధాన్ని ముద్దు చెయ్యడం కాదా అని కొందరు మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నా సమాధానం ఒక్కటి. కరాచీలోని పాకిస్తాన్ వైమానిక దళ మ్యూజియంలో కూడా ఒక నాట్ ఉంది. 1965 సెప్టెంబరులో పస్రూర్‌లో దిగి వారికి చిక్కిన మన విమానం అది. సెఖోన్ నాట్ పక్కన ఆ నాట్‌ను కూడా చేసి పెట్టగలిగినవాడే నిజమైన నమూనాకారుడని నేనంటాను. గెలుపుకు మెరుగులు దిద్ది, చిక్కిపోయినదాన్ని దాచేస్తే అది బొమ్మల కొలువే అవుతుంది, చరిత్ర కాదు. సీట్లో రెండు కాగితపు బెల్టులు అతికించేటప్పుడు అక్కడ ఒక మనిషి కూర్చున్నాడన్న స్పృహ కలగాలి. ఆ స్పృహ ఉన్న చెయ్యి మసిని అలంకారంగా పులమదు.

మన వంతు ఏం చెయ్యగలం? ఎన్.సి.సి. వైమానిక విభాగం శిక్షణలో ఏరోమోడలింగ్ ఎప్పటినుంచో ఉంది. విశాఖ బీచిలో 2017 డిసెంబరులో తెరిచిన టి.యు.-142 మ్యూజియం ఉంది. మన తిరుపతి-చెన్నై రైళ్ళు ఆగే అరక్కోణంలోని నౌకాదళ స్థావరం నుంచి ఎగిరిన విమానమే అది. దగ్గరగా చూసి, కొలిచి, ఫోటో తీసుకుని రావచ్చు. ప్రదర్శనకు వేసిన రంగు వేరు, కొలువులో ఉన్ననాటి రంగు వేరు అన్నది మాత్రం మరచిపోకూడదు. కిట్టు కొనే స్తోమత లేకపోతే తెల్లపొణికి కర్ర ఉండనే ఉంది.

ఈసారి కాలేజీ ఎగ్జిబిషన్‌కు ఒక చిన్న నియమం పెడదామని నా మనవి. ప్రతి నమూనా ముందు ఒక చీటీ ఉండాలి. ఏ విమానం, ఏ నంబరు, ఏ రోజు; చేసినవాడు ఫోటోలో చూసినదెంత, ఊహించినదెంత. బహుమతి మెరుపును చూసి కాదు, ఆ చీటీ చూసి ఇవ్వాలి. అధ్యాపకులూ, మిత్రులూ ఆలోచిస్తారని ఆశిస్తాను.