నీళ్ల లెక్క తేలాకే యాసంగి

పొట్టకొచ్చిన వరి కళ్లముందే ఎండిపోతుంటే రైతు చేసేది ఒకటే. అప్పు తెచ్చి బోరుబండిని పిలుస్తాడు. మూడొందల అడుగులు దాటినా దుమ్మే లేస్తుంటే ఇంకో వంద వేయమంటాడు. నీళ్లు పడితే పక్క పొలంలో బోరు ఆగిపోతుంది, పడకపోతే అప్పు మిగులుతుంది. తెలంగాణ మెట్ట ప్రాంతాల్లోనూ రాయలసీమలోనూ ఏటా వేసవి ముంగిట నడిచే ఈ తంతుకు దురదృష్టమని పేరు పెట్టి ఊరుకోవడం తప్పు. ఇది లెక్క లేకపోవడం వల్ల వచ్చిన కష్టం. ప్రతి మెట్ట గ్రామం యాసంగి నాట్లకు ముందే నీటి బడ్జెట్ వేసుకోవాలి. దాన్ని గ్రామసభ ఆమోదించాలి. కొత్త బోరుకు అనుమతి ఆ లెక్కను బట్టే ఇవ్వాలి. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ దీన్ని చట్టబద్ధం చేయాలని మేం గట్టిగా కోరుతున్నాం.

మన నేల స్వభావమే ఈ లెక్కను తప్పనిసరి చేస్తోంది. ఈ ప్రాంతాల్లో ఎక్కువ భాగం గ్రానైటు, నైసు రాళ్ల మీద ఉంది. నీరు నిలిచేది పైనున్న మొరం పొరలో, ఆ కింది రాతి పగుళ్లలో మాత్రమే. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. వంద అడుగుల్లో లేని నీరు ఐదొందల అడుగుల్లో దొరుకుతుందన్న ఆశకు ఆధారం తక్కువ. పైగా ఊళ్లోని బోర్లన్నీ చాలావరకు ఒకే నిల్వను తోడుతున్నాయి. ఎవరి పొలంలో బోరు వారిదే కావచ్చు, కింద నీళ్లు మాత్రం ఉమ్మడివి.

ఆ ఉమ్మడి నీరు ఎంతో లెక్కేసి చూద్దాం. ఒక మిల్లీమీటరు వాన ఎకరం మీద పడితే సుమారు 4 వేల లీటర్లు. ఏడాదికి 500 మిల్లీమీటర్లు కురిస్తే 20 లక్షల లీటర్లు. రాతినేలల్లో భూమిలోకి ఇంకేది సుమారుగా అందులో పదో వంతు, అంటే 2 లక్షల లీటర్లు. యాసంగి వరికి ఎకరానికి దాదాపు 48 లక్షల లీటర్లు కావాలి. మడిలోంచి సగం దాకా తిరిగి ఇంకిందనుకున్నా, పన్నెండెకరాల మీద ఇంకిన నీరు ఒక్క ఎకరం వరికే చెల్లు. వేరుశనగ లాంటి ఆరుతడి పంటకు వరికి పెట్టే నీటిలో సగం కూడా అక్కర్లేదు. ఈ లెక్క పంచాయతీ గోడ మీద రాసి ఉంటే, ఊరంతా వరి వేద్దామని ఎవరంటారు?

ఊరంతా కలిసి ఇలా నీటి లెక్క వేసుకోవడం సాధ్యమేనని మన రైతులే చూపించారు. 2000 దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో ఉమ్మడి రాష్ట్రంలో రైతులు సొంతంగా భూగర్భజలాలను నిర్వహించుకునే ప్రాజెక్టు నడిచింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లోని 638 ఆవాసాల్లో వాన కొలిచింది, బావుల్లో నీటిమట్టం చూసింది, బోర్ల నుంచి వచ్చే నీటిని లెక్కగట్టింది రైతులే. రబీకి ముందు ఆ లెక్కలు అందరి ముందూ పెట్టి పంటలు మాట్లాడుకున్నారు. ఏ పంట వేయాలన్న నిర్ణయం మాత్రం ఎవరిది వారిదే. ఆదాయం తగ్గకుండానే చాలామంది తోడే నీళ్లు తగ్గించారని 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక గుర్తించింది. మహారాష్ట్రలోని హివరే బజార్ ఏటా నీటి లెక్క చూసుకునే పంటలు నిర్ణయించుకుంటోంది. సాగు కోసం బోర్లు వేయకూడదన్న కట్టుబాటు అక్కడ ఊరే పెట్టుకుంది.

మరి మన దగ్గర ఆ ఒరవడి ఎందుకు నిలవలేదు? ప్రాజెక్టు ముగిశాక కొలిచే పని చట్టపరంగా ఎవరి బాధ్యతా కాలేదు. పంచాయతీ రికార్డుల్లో దానికి చోటు లేదు. అందుకే చాలా ఊళ్లలో లెక్కలు ఆగిపోయాయి. 2019లో కేంద్రం తెచ్చిన అటల్ భూజల్ యోజనలో గ్రామ నీటి బడ్జెట్లే కీలకం. ఆ పథకానికి ఎంచుకున్న ఏడు రాష్ట్రాల్లో మన రెండూ లేవు. కాబట్టి మన చట్టంతోనే మొదలుపెట్టాలి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) బావుల నమోదు, కొత్త బోర్లకు అనుమతి తప్పనిసరి చేసింది. మంచినీటి వనరుకు 250 మీటర్ల లోపు బోరు వేయకూడదంది. దీనికి తోడు, అనుమతి ఇచ్చేటప్పుడు ఊరి మొత్తం నీటి లెక్క చూడాలన్న నియమం పెట్టాలి. ప్రతి పంచాయతీకి ఒక వర్షమాపకం, కొన్ని పరిశీలన బావులు, కొలతలు రాసేందుకు స్థానిక యువతకు గౌరవ వేతనం ఇవ్వాలి. అక్టోబరులో గ్రామసభ పెట్టి, ముందు మంచినీళ్లకు, పశువులకు పక్కన పెట్టి, మిగిలింది సాగుకు పంచుకోవాలి.

ఉచిత విద్యుత్ ఉన్నంతకాలం ఇవేవీ పనిచేయవని కొందరు అంటారు. కరెంటు కోత పెట్టి రైతును శిక్షించడం మాకు సమ్మతం కాదు. ఏ కౌలు రైతూ, ఏ చిన్న రైతూ సరదాకి వరి వేయడు. కొనుగోలు కేంద్రం గ్యారంటీగా తూకం వేసేది వడ్లే కాబట్టి వేస్తాడు. వేరుశనగ, కంది, శనగ, జొన్నలను కూడా మద్దతు ధరకు ఊళ్లోనే కొంటామని ప్రభుత్వం రాతపూర్వకంగా చెప్పాలి. ఆ హామీ లేకుండా పంట మార్చమనడం అన్యాయం. కాలువలు వస్తాయి, చెరువులు నిండుతాయి అన్న వాదనా ఉంది. నిండనివ్వండి. మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువైనా, హంద్రీనీవా నీళ్లతో నిండిన చెరువైనా ఆ లెక్కలో జమ వైపు చేరుతుంది. ఖర్చు వైపు చూడకపోతే ఎంత జమ అయినా చాలదు.

వచ్చే అక్టోబరు గ్రామసభలకే ఈ నియమం అమల్లోకి రావాలి. వాల్టా నిబంధనల సవరణ ముసాయిదాను ప్రభుత్వాలు ఈలోగానే ప్రజల ముందు పెట్టాలి. అప్పటిదాకా ఏ పంచాయతీ చేతులూ కట్టేసి లేవు. సర్పంచి సొంతంగానే గ్రామసభ పిలవవచ్చు, రైతులు తమ బావుల మట్టం తాడు వేసి చూసుకోవచ్చు. అప్పుల పాలైన రైతు మరో బోరు వేయాల్సిన అగత్యం రాకూడదంటే, ఉన్న నీరెంతో నాట్లకు ముందే చెప్పాల్సిన బాధ్యత ఊరిది, ఆ ఊరికి అండగా నిలవాల్సిన బాధ్యత ప్రభుత్వానిది.