ఇంజను వేడెక్కితే నీళ్లు పోస్తే చాలా?

తుళ్లూరు ఎండల్లో కారు ఇంజను వేడెక్కగానే కొందరు రేడియేటరు మూత తిప్పబోతారు. బాలలూ, మీరు వారిని ఆపండి! ఎందుకంటారా? మూత బిగించి ఉంటే లోపల పీడనం ఎక్కువ. అందుచేత నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత తీస్తే పీడనం పడిపోయి, నీరు ఒక్కసారిగా మరిగి ఆవిరితో సహా ముఖాన చిమ్ముతుంది.

ఇంజను ఆపి, పూర్తిగా చల్లారనివ్వాలి. ఆ తరువాత పెద్దలతో కలిసి పరిశీలించండి. గొట్టం కారుతోందా? బెల్టు వదులైందా? రేడియేటరు రేకుల సందుల్లో చేల దుమ్ము, దూది పేరుకొని గాలి ఆడటం లేదా? కారే గొట్టం మార్చాలి, బెల్టు బిగించాలి, రేకులు శుభ్రం చేయాలి.

జ్వరానికి తడిగుడ్డ వేసి ఊరుకుంటామా? నీళ్లు పోయడమూ అంతే. కారణం వెదకడమే అసలైన మరమ్మతు.